సమాన ప్రజ్ఞావంతులు, అసమాన ఫలితాలు

ఒకే బడిలో, ఒకే ఉపాధ్యాయుని వద్ద చదివి, ఇంచుమించు సమానమైన మార్కులు తెచ్చుకొన్న ఇద్దరు విద్యార్థులు ఇరవై ఏళ్లు గడిచేసరికి వేరువేరు స్థితులలో కనిపించటం ఉపాధ్యాయులకు అనుభవంలో ఉన్న విషయమే. ఒకరు తమ విద్యను పూర్తిగా వినియోగించుకొని ఏదో ఒక రంగంలో పేరు తెచ్చుకొంటారు. ఇంకొకరు, తెలివిలో ఏ మాత్రమూ తీసిపోనివారే, మధ్యలో చదువు మాని, చేతికందిన పనిలో చేరి, అదీ నచ్చక మరొకటి వెతుక్కొంటూ ఉంటారు. కారణమేమిటని అడిగితే లోకం సాధారణంగా రెండు మాటలలో తేల్చివేస్తుంది: నుదుటి రాత, లేకుంటే ఇంటి పలుకుబడి. ఇంతకు మించి శాస్త్రీయంగా పరిశీలింపదగినది ఏమైనా ఉన్నదా?

ఉన్నది గాని, అందుకు చాలా ఓర్పు కావాలి. పెద్దవారై విజయం పొందినవారిని పిలిచి, "చిన్నతనంలో మీరు ఎట్లా ఉండేవారు?" అని అడిగితే ప్రయోజనం లేదు. గెలిచినవాని జ్ఞాపకాలు గెలుపుకు తగినట్లుగానే సర్దుకొంటాయి. పిల్లలు పిల్లలుగా ఉన్నప్పుడే వారి తెలివినీ, స్వభావాన్నీ కొలిచి కాగితం మీద పెట్టి, తరవాత వారు పెరిగి పెద్దవారై ముసలివారయ్యే వరకూ విడవకుండా గమనిస్తూ ఉండాలి. పరిశోధకుని జీవితకాలం చాలకపోవచ్చు. అటువంటి పనికి 1921లో పూనుకొన్నవాడు అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు మనోవిజ్ఞానశాస్త్రాచార్యుడు లూయీ టెర్మన్.

టెర్మన్ 1877లో ఇండియానా రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. పద్నాలుగురు సంతానంలో ఆయన పన్నెండవవాడు. చిన్నప్పుడు ఒక పుస్తకాల వర్తకుడు వారి ఇంటికి వచ్చి, పుర్రె ఎత్తుపల్లాలను బట్టి గుణాలు చెప్పే విద్యను గురించిన గ్రంథం అమ్మజూపుతూ, ఇంట్లో ఉన్న పిల్లలందరి తలలూ తడిమి చూశాడట. ఈ పిల్లవాడు గొప్పవాడవుతాడని జోస్యం కూడా చెప్పాడట. ఆ విద్య శాస్త్రం కాదని తరవాత తేలిపోయింది. కాని మనుష్యులలో ఈ తేడాలు ఎందుకున్నాయన్న ప్రశ్న మాత్రం ఆ పిల్లవానిని వదలలేదు. ఫ్రాన్సు దేశీయుడు బీనే 1905లో తయారుచేసిన ప్రజ్ఞాపరీక్షను టెర్మన్ అమెరికా పిల్లలకు అనువుగా విస్తరించి 1916లో ప్రకటించాడు. అదే స్టాన్‌ఫర్డ్-బీనే పరీక్ష.

ఈ పరీక్షలో వచ్చే ప్రజ్ఞాలబ్ధి అన్న సంఖ్యను ఆనాడు ఎట్లా కట్టేవారో విద్యార్థులు తెలుసుకోవటం మంచిది. ఎనిమిదేళ్ల బాలిక సాధారణంగా పన్నెండేళ్ల పిల్లలు మాత్రమే చేయగల ప్రశ్నలకు జవాబు చెప్పిందనుకొందాం. ఆమె మానసిక వయస్సు 12, అసలు వయస్సు 8. మొదటిదానిని రెండవదానితో భాగించి 100తో హెచ్చిస్తే 150 వస్తుంది. వయస్సుకు తగినంతగా చేసేవారి లబ్ధి 100. నూటికి ఒకరో, అంతకన్నా తక్కువమందో 140 దాటుతారు. టెర్మన్ వెతికింది ఆ పిల్లల కోసమే.

కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలిస్, శాన్ ఫ్రాన్సిస్కో మొదలైన నగరాల పాఠశాలలలో వెతుకులాట సాగింది. అందరినీ పరీక్షించటం అసాధ్యం గనుక ముందుగా ప్రతి ఉపాధ్యాయునీ, ఉపాధ్యాయినినీ నాలుగు పేర్లు అడిగారు: తరగతిలో అందరికన్నా తెలివైనవారు, ఆ తరవాతివారు, మూడవవారు, అందరికన్నా వయస్సులో చిన్నవారు. ఆ పేర్లవారికి పరీక్షలు పెట్టి వడపోశారు. ఇందులో ఉపాధ్యాయులకు కొంచెం చేదుగా తోచే విశేషం ఒకటి బయటపడింది. తరగతిలో అత్యధిక ప్రజ్ఞాలబ్ధి గల పిల్లను ఒక్క ప్రయత్నంలో పట్టుకోవాలంటే, ఉపాధ్యాయుని అభిప్రాయాన్ని నమ్ముకోవటం కన్నా హాజరుపట్టీ తెరిచి అందరికన్నా చిన్న వయస్సువారి పేరు చూడటమే మేలని టెర్మన్ తేల్చాడు. ఇందులో వింత ఏమీ లేదు. పదకొండేళ్ల పిల్లవాడు పదమూడేళ్లవారితో సమానంగా చదువుతుంటే ఉపాధ్యాయుడు వానిని "ఫరవాలేదు" అనుకొంటాడు గాని, వాడు రెండేళ్ల దూరం దాటి వచ్చాడన్న సంగతి గమనింపడు.

అయితే పరీక్ష మాత్రం తప్పులేనిదా? ఆ రోజులలో పరీక్షింపబడి, కావలసిన లబ్ధి రాక తిరస్కరింపబడిన బాలురలో విలియం షాక్లీ, లూయీ ఆల్వరెజ్ అనే ఇద్దరున్నారు. షాక్లీ ట్రాన్సిస్టర్ పరిశోధనకు 1956లోను, ఆల్వరెజ్ మూలకణాల పరిశోధనకు 1968లోను భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. టెర్మన్ ఎంపిక చేసిన వారిలో ఒక్కరికీ నోబెల్ రాలేదు. ఈ కథ విని ప్రజ్ఞాపరీక్షలు ఎందుకూ కొరగావని కొట్టివేసేవారున్నారు. అది తొందరపాటు. పరీక్ష జల్లెడ వంటిది. జల్లెడలో నుంచి రెండు మంచి గింజలు జారినంత మాత్రాన పైన నిలిచినవి తాలు అయిపోవు.

మొత్తం మీద 1,528 మంది బాలబాలికలు ఈ పరిశీలనలో చేరారు. ఆ కాలంలో అతి తెలివైన పిల్లలు బలహీనంగా, రోగిష్ఠిగా ఉంటారనీ, త్వరగా పండినది త్వరగా కుళ్లుతుందన్నట్లు పెద్దయ్యాక ఎందుకూ పనికిరారనీ అనేకులు నమ్మేవారు. టెర్మన్ కొలతలు ఈ భ్రమను పోగొట్టాయి. ఈ పిల్లలు సగటున తోటివారికన్నా కొంచెం పొడుగరులు, ఆరోగ్యవంతులు. ఆటపాటలలోనూ వెనుకబడినవారు కారు. పెద్దవారయ్యాక వారిలో శరీరధర్మశాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, మనోవిజ్ఞానశాస్త్రవేత్త లీ క్రాన్‌బాక్ వంటివారు తేలారు. టెర్మన్ పేరును బట్టి ఈ బృందంవారికి "టెర్మైట్లు", అనగా చెదపురుగులు, అన్న ముద్దుపేరు కూడా ఏర్పడింది.

ఇక అసలు విషయానికి వద్దాం. 1940 నాటికి ఈ పిల్లలు ముప్ఫై ఏళ్లవారైనారు. అందరూ బాలమేధావులే గాని, అందరి జీవితాలూ ఒకే విధంగా సాగలేదు. టెర్మన్, ఆయన సహపరిశోధకురాలు మెలిటా ఓడెన్ పురుషుల రికార్డులన్నీ ముందు వేసుకొని, ఎవరు తమ తెలివిని ఎంతవరకు వినియోగించుకొన్నారన్నదే గీటురాయిగా వారిని విభజించారు. సంపాదనకు ఈ నిర్ణయంలో పెద్ద విలువ ఇవ్వలేదు. అందరికన్నా పైనున్న 150 మందికి 'ఎ' వర్గమనీ, అడుగున ఉన్న 150 మందికి 'సి' వర్గమనీ పేరు పెట్టి, ఈ రెండు వర్గాలవారూ చిన్నతనంలో ఎట్లా ఉండేవారో పాత కాగితాలు తిరగవేశారు. వాటి ఫలితాలు 1947లో గ్రంథరూపంలో వచ్చాయి. 'సి' వర్గమంటే చెడిపోయినవారని అర్థం కాదు. వారిలో ఎక్కువమంది గుమాస్తా పనులలోనో, అమ్మకపు పనులలోనో, చిన్న వ్యాపారాలలోనో ఉన్నారు. వారి తెలివి కోరిన పని అది కాదు, అంతే.

చిన్నతనపు ప్రజ్ఞాలబ్ధిలో ఈ రెండు వర్గాలకూ ఉన్న తేడా అతి స్వల్పం. ప్రాథమిక పాఠశాలలో మార్కులు కూడా దాదాపు సమానం. ఉన్నత పాఠశాలలో 'సి' వర్గంవారి మార్కులు జారటం మొదలుపెట్టాయి. కళాశాల వచ్చేసరికి పూర్తిగా విడిపోయారు: 'ఎ' వర్గంలో నూటికి 90 మంది పట్టభద్రులైతే, 'సి' వర్గంలో 37 మందే పట్టా పుచ్చుకొన్నారు. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు ఒక్క క్షణం ఆగి చూడవలసిన చోటు ఇది. తెలివి తగ్గలేదు, తగ్గినది మరేదో.

ఆ మరేదో ఏమిటని తెలుసుకోవటానికి పన్నెండు మూర్తిమత్వ లక్షణాలను తీసుకొని, ప్రతివానిలోనూ అవి ఎంతెంత ఉన్నాయో వానినే అడిగారు. వాని భార్యనూ, తల్లినో తండ్రినో కూడా వేరువేరుగా అడిగారు. రెండు వర్గాలకూ ఎక్కువ అంతరం కనిపించినవి నాలుగు లక్షణాలు: పట్టిన పని ముగిసేదాకా వదలని పట్టుదల, గాలివాటుగా కొట్టుకొనిపోకుండా ఒక లక్ష్యం వైపు శక్తులన్నీ కూడగట్టుకోవటం, ఆత్మవిశ్వాసం, నేను తక్కువవాడనన్న న్యూనతాభావం లేకపోవటం. ప్రజ్ఞకూ సాధనకూ ఉన్న సంబంధం అనుకొన్నంత గట్టిది కాదని టెర్మన్ ఒప్పుకొన్నాడు. జీవితమంతా ప్రజ్ఞను కొలవటంలోనే గడిపిన మనిషి ఆ మాట అనటం విశేషమే.

కాని ఈ ఫలితాన్ని అట్లాగే మింగకుండా కొంచెం నమిలి చూడాలి.

మొదటి సందేహం. ఒక మనిషి బాగా పైకి వచ్చిన తరవాత అతని భార్యను అడిగితే "మా ఆయన పట్టుదల గలవాడు" అనే చెప్పుతుంది. వెనుకబడినవానిని గురించి అట్లా చెప్పదు. ఫలితం చూసి గుణం నిర్ణయించినట్లయింది గదా! ఈ ఆక్షేపణకు కొంత సమాధానం పాత రికార్డులలోనే దొరికింది. 1922లో, ఎవరు ఏమవుతారో ఎవరికీ తెలియని రోజులలో, తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ ఈ పిల్లల స్వభావానికి మార్కులు వేసి ఉన్నారు. అప్పుడే పట్టుదల, ఇతరులను మించాలన్న కోరిక వంటి కొన్నింటిలో 'ఎ' వర్గంవారు ముందున్నారు. అంతరం పెద్దది కాకపోయినా బీజం కనిపిస్తున్నది.

రెండవది ఇంకా ముఖ్యం. "కాబట్టి తెలివితో పనిలేదు, పట్టుదలే సర్వం" అనుకొంటే పొరపాటు. వాలీబాల్ జట్టులో ఆరడుగుల వారినే ఏరి చేర్చుకొన్నామనుకొందాం. వారిలో బాగా ఆడేవారికీ ఆడనివారికీ ఎత్తులో తేడా కనిపించదు. అంతమాత్రాన వాలీబాల్‌కు ఎత్తు అక్కరలేదని ఎవరైనా అంటారా? అందరూ ఒకే ఎత్తువారు గనుక ఎత్తు తన ప్రభావం చూపే అవకాశమే అక్కడ లేదు. టెర్మన్ బృందం సరిగ్గా అటువంటి జట్టు. ప్రజ్ఞ జల్లెడలో అందరూ పైన నిలిచినవారు కాబట్టే మిగిలిన గుణాల తేడా అంత స్పష్టంగా కనిపించింది. గణాంకశాస్త్రంలో దీనిని వ్యాప్తి కుదింపు అనవచ్చు. పరిశోధన ఫలితాలు చదివే ప్రతివారూ ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది: పరిశీలించినవారిని ఏ జల్లెడతో పట్టారు?

మూడవది ఇంటి పరిస్థితి. 'ఎ' వర్గంవారి తండ్రులలో సగంమంది పట్టభద్రులు. 'సి' వర్గంవారి తండ్రులలో అట్టివారు ఆరింట ఒక వంతుకు తక్కువే. 'ఎ' వర్గంవారి ఇళ్లలో పుస్తకాలు ఎక్కువ. తల్లిదండ్రులు విడిపోయిన కుటుంబాలు 'సి' వర్గంలో రెట్టింపుకు పైగా ఉన్నాయి. పట్టుదల అనేది పిల్లవాడు పుట్టుకతో తెచ్చుకొన్న గుణమా, లేక "నువ్వు కాలేజీకి వెళ్లి తీరుతావు" అని రోజూ వినిపించే ఇంట్లో మొలిచినదా? ఈ గ్రంథాలు ఆ చిక్కు విప్పలేదు. సాంఘికశాస్త్రవేత్త సొరోకిన్ 1956లో ఇంకొక అడుగు ముందుకు వేసి, అటువంటి కుటుంబాల నుంచి ఎవరినో కొందరిని ఏరినా ఇంచుమించు ఇంతే సాధించి ఉండేవారని ఆక్షేపించాడు. పుట్టిన సంవత్సరం కూడా పని చేసింది. ఈ బృందంలో వయస్సులో పెద్దవారు చదువు ముగించి ఉద్యోగాలు వెతుక్కొనే వేళకు 1929 నాటి ఆర్థికమాంద్యం ఎదురైనది. ఉద్యోగంలో కుదురుకొంటున్న వేళకు రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. వీరికన్నా చిన్నవారికి ఆ దెబ్బ అంతగా తగలలేదని గ్లెన్ ఎల్డర్, ఆయన సహచరులు 1991లో చూపారు.

టెర్మన్ ఈ విషయాలకు తగినంత విలువ ఇవ్వలేదు. ప్రజ్ఞ వంశపారంపర్యమని ఆయనకు గట్టి నమ్మకం. 1916 నాటి గ్రంథంలో నల్లజాతి, మెక్సికన్, అమెరికా ఆదిమజాతి పిల్లలను గురించి పుట్టుకతోనే మందబుద్ధులన్నట్లు వ్రాశాడు. వారి పేదరికాన్నీ, వారికి దొరికిన బడులనూ లెక్కలోకి తీసుకోలేదు. మనుష్యులలో మేలుజాతిని పెంచాలనే సుజనన ఉద్యమంలోనూ పాల్గొన్నాడు. ఆయన ఎంపిక చేసిన వారిలో ఈ జాతుల పిల్లలు వేళ్లమీద లెక్కించదగినంతమందే ఉన్నారు. ఈ పరిశోధన చెప్పే మాటలు ముఖ్యంగా కాలిఫోర్నియాలోని మధ్యతరగతి తెల్లవారి పిల్లలను గురించినవని జ్ఞాపకం ఉంచుకోవాలి.

బాలికల సంగతి ఏమైనది? ఎంపికైన వారిలో దాదాపు 670 మంది బాలికలు. చదువులో బాలురకు తీసిపోలేదు. కాని 'ఎ', 'సి' విభజన స్త్రీలకు చేయనే లేదు. ఆనాటి అమెరికాలో స్త్రీకి తెరిచి ఉన్న ఉద్యోగాలు బడిపంతులమ్మ, నర్సు, టైపిస్టు వంటి కొన్నే గనుక, వారి పనిని బట్టి వారి తెలివి వినియోగాన్ని నిర్ణయించటం అసాధ్యమైనది. ముప్ఫై అయిదేళ్ల వయస్సులో వారిలో సగంమంది గృహిణులు. ఎంత పట్టుదల ఉన్నా, మూసిన తలుపు ముందు అది ఏ లెక్కలోకీ రాదు.

పైకి కనిపించే విజయం వేరు, చేసే పనిలో సంతృప్తి వేరు. టెర్మన్ 1956లో మరణించాడు, పరిశీలన ఆగలేదు. దాని బాధ్యత తీసుకొన్నవారిలో ముఖ్యుడు రాబర్ట్ సియర్స్. చిన్నతనంలో ఈ బృందానికి ఎంపికైన పిల్లలలో ఆయన కూడా ఒకడు కావటం చెప్పుకోదగిన విషయం. పురుషులు సగటున 62 ఏళ్లవారై ఉన్నప్పుడు, 1972లో, జీవితంలో ఏది మీకు ముఖ్యం, ఏది ఎంత తృప్తినిచ్చింది అని అడిగారు. వృత్తి, కుటుంబం, స్నేహాలు, కళాసాహిత్యాల ఆనందం, సంఘసేవ, బ్రతకటంలోని ఉల్లాసం అని ఆరు రంగాలు ఇచ్చారు. వృత్తిలో ఇంత పేరు పొందిన మనుష్యులు కూడా వృత్తికన్నా కుటుంబజీవితానికే ఎక్కువ ప్రాముఖ్యం ఇచ్చారు. వృత్తిలో తృప్తి ఎవరికి కలిగిందన్నది ఇంకా ఆసక్తికరం. ముప్ఫై ఏళ్ల వయస్సులోనే తమ పని తమకు ఇష్టమని చెప్పినవారు, ఆరోగ్యంగా ఉన్నవారు అరవై దాటిన తరవాత కూడా తృప్తులుగానే ఉన్నారు. జీతం, హోదా వంటి బయటి లెక్కలకన్నా పని పట్ల వారికున్న భావమే భవిష్యత్తును బాగా సూచించింది. స్త్రీలను గురించి పాలీన్ సియర్స్, ఆన్ బార్బీ 1977లో ప్రకటించిన వ్యాసంలో, ఆర్జించే ఉద్యోగం చేసినవారు గృహిణులకన్నా తమ పని విషయంలో ఎక్కువ తృప్తి వెల్లడించారు.

టెర్మన్ కాలానికి లేని సౌకర్యం ఒకటి తరవాతివారికి ఏర్పడింది. మూర్తిమత్వ లక్షణాలను అయిదు ప్రధాన కారకాలుగా కూర్చి కొలిచే పద్ధతి 1980ల తరవాత స్థిరపడింది. బహిర్ముఖత, సౌమ్యత, కర్తవ్యనిష్ఠ, ఉద్వేగాల నిలకడలేమి, కొత్తదనం పట్ల ఆసక్తి అనేవి ఆ అయిదు. పనిని క్రమంగా, బాధ్యతగా, చివరిదాకా చేసే గుణానికి ఇక్కడ కర్తవ్యనిష్ఠ అని పేరు. టెర్మన్ చూసిన పట్టుదల చాలావరకు ఇందులో ఇముడుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకుడు ఆర్థర్ పోరోపాట్ 2009లో, డెబ్బై వేలమందికి పైగా విద్యార్థులపై జరిగిన అధ్యయనాలను కలిపి లెక్కకట్టగా, కర్తవ్యనిష్ఠకూ చదువులో ఫలితాలకూ సహసంబంధం సుమారు 0.22 అని తేలింది. ఇది పెద్ద సంఖ్య కాదు. దానిని వర్గం చేస్తే 0.05 వస్తుంది, అనగా విద్యార్థుల ఫలితాలలో కనిపించే తేడాలలో నూటికి అయిదు పాళ్లు మాత్రమే దీనితో ముడిపడి ఉన్నాయన్న మాట. అయినా ఉన్నత పాఠశాల, కళాశాల స్థాయిలలో ప్రజ్ఞకున్న సహసంబంధం కూడా దాదాపు ఇంతే. ప్రాథమిక స్థాయిలో ప్రజ్ఞది చాలా ఎక్కువ. పైకి పోయినకొద్దీ తగ్గుతుంది. కర్తవ్యనిష్ఠది మాత్రం పెద్దగా తగ్గదు. ఒక్కొక్క తరగతీ ఒక్కొక్క జల్లెడ గదా! వాలీబాల్ జట్టు సంగతే ఇక్కడా కొంతవరకు వర్తిస్తుంది.

ఉద్యోగ సంతృప్తి లెక్కలు వేరు. తిమొతీ జడ్జి, ఆయన సహచరులు 2002లో చేసిన ఇటువంటి సంకలనంలో అన్నిటికన్నా ముందున్నది ఉద్వేగాల నిలకడలేమి; దాని సహసంబంధం ఋణ 0.29. చీటికిమాటికి కలతపడే స్వభావం గలవారికి ఏ ఉద్యోగంలోనైనా తృప్తి తక్కువ. కర్తవ్యనిష్ఠ 0.26తో తరవాత వచ్చింది. అందరూ మెచ్చుకొనే కొత్తదనం పట్ల ఆసక్తికి ఉద్యోగ సంతృప్తితో సంబంధం లేదనే చెప్పవచ్చు, 0.02 మాత్రమే.

పాత రికార్డులు ఇంకొక పనికి కూడా వచ్చాయి. హోవర్డ్ ఫ్రీడ్‌మన్, ఆయన సహచరులు 1993లో, 1922 నాటి స్వభావ వివరాలను మరణ ధ్రువపత్రాలతో పోల్చి చూశారు. తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ కర్తవ్యనిష్ఠ గలవారని చెప్పిన పిల్లలు సగటున ఎక్కువకాలం జీవించారు. ఎప్పుడూ నవ్వుతూ తుళ్లుతూ ఉంటారని చెప్పిన పిల్లలు ఎవరూ ఊహించని విధంగా కొంచెం తక్కువకాలం జీవించారు. ఏమీ కాదులే అన్న ధీమా ఆరోగ్యం విషయంలో అజాగ్రత్తకు దారితీసి ఉండవచ్చునని ఒక ఊహ.

ఈ గుణాలు ఒకసారి ఏర్పడితే మారవా? బ్రెంట్ రాబర్ట్స్, మరి ఇద్దరు 2006లో, ఒకే మనుష్యులను ఏళ్ల తరబడి గమనించిన 92 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. కర్తవ్యనిష్ఠ పెరగటం ముఖ్యంగా ఇరవై నుంచి నలభై ఏళ్ల నడుమ జరుగుతున్నది. బాల్యంలోనో కౌమారంలోనో ఆగిపోవటం లేదు. పదవ తరగతి విద్యార్థికి పదిహేనేళ్లు. 'సి' వర్గంవారి మార్కులు జారటం మొదలుపెట్టింది ఇంచుమించు ఆ వయస్సులోనే. ఈ గుణం ఎక్కువగా పెరిగే కాలానికి వారు అప్పటికింకా చేరనే లేదు.